ఆదివారం మిగులు

పొద్దున్నే మందు రేకు నాలుక కింద పెట్టుకున్నాక ఆర్లిస్ పావుగంట సేపు నోరు విప్పకూడదు. మింగకూడదు, కాఫీ తాగకూడదు, మాట్లాడకూడదు. రేకు దానంతటది కరిగి ఒంట్లోకి దిగాలి. ఆ పావుగంటా నోలాది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మొగుడు ఎదురు చెప్పని సమయమంటూ ఒకటి దొరికాక దాన్ని వృథాగా పోనిచ్చే మనిషి కాదామె.

“వాకిలి మెట్టు ఇంకా ఊగుతూనే ఉంది. నిన్న మా అక్క దాని మీద కాలేసింది. పడితే ఏమయ్యేది? అక్కకేమీ కాదు, మెట్టే పోయేది. ఏమంటావు? ఏమీ అనవు. బంగారు తండ్రివి.”

ఆర్లిస్ తల ఊపాడు. పెదాలు బిగించి, దవడలు కదలకుండా కూర్చున్నాడు. నోలా పెనం మీద గుడ్లు తిరగేసింది. బడికి వేసవి సెలవులిచ్చారు. బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకు వండిన చెయ్యి, ఇప్పుడు ఇద్దరికి వండుతున్నా గుడ్లు ఆరు కొట్టేస్తుంది.

“ట్రక్కు అద్దం తుడుస్తానన్నావు. ఆదివారం నాటికి మా అమ్మ సమాధి మీదికి కొత్త పూలు తెస్తానన్నావు. అన్నావా లేదా? అన్నావు. ఊఁ కొట్టు చాలు.”

ఊఁ కొట్టాడు. గడియారంలో పావుగంట అయింది. నోట్లో నారింజ తొక్క చేదు మిగిలింది. నీళ్ళు పుక్కిలించి ఊసి, “మెట్టు సంగతి సాయంత్రం చూస్తాలే” అన్నాడు.

“వచ్చిందమ్మా మాట” అంది నోలా, గుడ్లు పళ్ళెంలోకి జారుస్తూ.

ఆ వారమంతా ఆర్లిస్‌కు ఊపిరాడని పని. మే నెల చివరి ఆదివారం, ఊరి వాళ్ళంతా పూలు పట్టుకుని కొండెక్కి తమ వాళ్ళ సమాధులు అలంకరిస్తారు. ఒహాయో, మిషిగన్ వెళ్ళి స్థిరపడ్డ వాళ్ళు కూడా ఆ ఒక్క రోజుకీ కెంటకీ కొండల్లోకి తిరిగొస్తారు. వచ్చేసరికి గడ్డి కోసి ఉండాలి, రాళ్ళు కనపడాలి, కుంగిన సమాధుల మీద మట్టి ఎత్తి ఉండాలి. తను పనిచేసిన బొగ్గు గని మూతపడ్డాక రెండు కొండల మీది సమాధుల పని ఆర్లిస్ చేతికొచ్చింది. పెద్ద పని కాదు గానీ, నడుములో ఆపరేషను చేసి వేసిన రెండు ఇనుప మేకులున్న మనిషికి చిన్నదీ కాదు.

కొత్త రాళ్ళ చుట్టూ తీగ తిరిగే యంత్రంతో కోస్తాడు. పాత మూలకు పోయాక యంత్రం ఆపేస్తాడు. అక్కడివి పేర్లు కూడా లేని మెత్తటి ఇసుకరాళ్ళు. తీగ తగిలితే రాయి రొట్టెలా రాలిపోతుంది. అక్కడ మోకాళ్ళ కింద గోనె వేసుకుని, గొర్రె ఉన్ని కత్తిరించే కత్తెరతో పిడికెడు పిడికెడు గడ్డి తీస్తాడు. ఆ సోమవారం మధ్యాహ్నం అలా మోకాళ్ళ మీద ఉండగా జేబులో ఫోను మోగింది.

కొండ కింద ఇళ్ళలో ఫోను మోగదు. సిగ్నల్ అందేది ఈ సమాధుల దగ్గరే. డాక్టరు నెలకోసారి తెర మీద కనపడేది కూడా ఇక్కడే, ఎవరిదో తెలియని రాతి దిమ్మె మీద ఆర్లిస్ కూర్చుని ఉండగా. లూయివిల్‌లో ఉండే ఆ డాక్టరు, “మీ వెనక ఎప్పుడూ తోటలా ఉంటుంది, బాగుంటుంది” అంది ఒకసారి. అది ఏ తోటో ఆర్లిస్ చెప్పలేదు.

ఇప్పుడు చేసింది డాక్టరు కాదు, ఆమె దగ్గర పనిచేసే జనెల్ అనే అమ్మాయి.

“ఆర్లిస్ గారూ, ఇవాళ మీ రేకులు లెక్క చూడాలి. సాయంత్రం అయిదు లోపల కెమెరా ముందు పెట్టి చూపించాలి. చెప్పకుండా చేస్తామని ముందే అన్నాం కదా.”

“అన్నారమ్మా. ఇంట్లో ఉన్నాయి. కిందికి పోయి తెస్తాను, అరగంట.”

పోయాడు, తెచ్చాడు. రేకులుండేది పాత తూటాల పెట్టెలో. తాళంచెవి మెడలో దారానికి ఉంటుంది. నోలా ఇంట్లో లేదు, అక్క దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ కొండెక్కేసరికి నడుము మేకులు రెండూ పలకరించాయి. దిమ్మె మీద తువ్వాలు పరిచి, ఫోను రాయికి ఆనించి, పెట్టె తెరిచాడు.

రోజుకు రెండు లెక్కన రేపటి దాకా మూడు మిగలాలి. మూడు రేకులూ కవర్లతో పరిచాడు. ముందు వైపు, వెనక వైపు, మీద అచ్చేసిన అంకె.

“సరిపోయాయి సార్. థాంక్యూ.”

“ఆగమ్మా. ఇవి కూడా చూడు” అన్నాడు ఆర్లిస్. పెట్టె అడుగు నుంచి రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట తీసి, పేక ముక్కల్లా ఒక్కొక్కటే పేర్చాడు. తొమ్మిది. మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. గుడ్లు పెట్టిన చోటు చూపించే కోడిలా పక్కకు జరిగి కూర్చున్నాడు.

జనెల్ మొహం కెమెరాకు దగ్గరగా వచ్చింది.

“ఇవెక్కడివి సార్?”

“ఎక్కడివేంటి? మీరిచ్చినవే. మిగిల్చాను.”

“మీ దగ్గర మూడే ఉండాలి.”

“ఉన్నాయిగా మూడు. పైన తొమ్మిది.”

“ఎక్కువున్నా తక్కువున్నా మాకు ఒకటే సార్.”

“ఒకటెట్లా అవుతుందమ్మా? తక్కువుంటే అమ్ముకున్నాడనుకో, ఎక్కువ మింగాడనుకో. ఎక్కువుంటే ఏమనుకుంటారు?”

“చెప్పినట్టు వేసుకోలేదనుకుంటాం. వేసుకోనివి ఇవాళ దాస్తే రేపు అమ్ముతారనుకుంటాం.” ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. చదివి అప్పజెప్పినట్టుంది. “బుధవారం రెండింటికి డాక్టరు గారు మాట్లాడతారు. ఆ తొమ్మిదీ, ఒక కత్తెర, ఒక సీసాలో తడి కాఫీ పిప్పి దగ్గర పెట్టుకోండి. ఎక్కువైనవి మళ్ళీ ఎవరూ వాడకుండా కెమెరా ముందు ముక్కలు చేసి పిప్పిలో కలిపెయ్యాలి.”

“తరవాత?”

“తరవాత వారానికోసారి ఇక్కడికే వచ్చి చూపించుకోమనొచ్చు.”

“లూయివిలా? పోను నాలుగు గంటలు, రాను నాలుగు. వారం వారం?”

“రాలేనివాళ్ళకు ఈ వైద్యం కొనసాగించరు సార్. అది డాక్టరు గారు చెప్పాలి, నేను చెప్పలేను.”

ఫోను ఆగిపోయింది. ఆర్లిస్ తొమ్మిదీ మళ్ళీ కట్ట కట్టాడు. చేతిలో ఎప్పుడూ లేని బరువు తోచింది. కత్తెర తీసుకుని గడ్డి దగ్గరికి పోయాడు గానీ, మిగిలిన పొద్దంతా ఒకే రాయి చుట్టూ తిరిగాడు.

సాయంత్రం చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె. నోలా రొట్టె తుంచి పులుసులో వేసుకుంటుండగా చెప్పేశాడు. చెప్పకపోయినా ఆమె కనిపెట్టేది. మొదట లెక్క సంగతి చెప్పాడు, ఆ తరవాత తొమ్మిది.

నోలా చెంచా కింద పెట్టింది. లేచి, పొయ్యి పక్కన ఉన్న పిండి డబ్బా మూత తీసి లోపలికి చూసింది. చెయ్యి మోచేతి దాకా పెట్టి అడుగు తడిమింది. చెయ్యి బయటికి తీసి, పిండి దులుపుకుని, మూత పెట్టి, వచ్చి కూర్చుంది.

ఆర్లిస్ రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. ఏడేళ్ళ కిందట, నొప్పి మాత్రలకు బానిసైన రోజుల్లో, వాటిని ఆ డబ్బాలోనే దాచేవాడు. ఆ అలవాటు మాన్పించడానికే ఈ రేకులు.

“మందు రేకులే నోలా. వేరే ఏమీ లేవు.”

“ఎప్పుడు మిగిల్చావు?”

“ఆదివారం సాయంత్రాలు. పని ఉండదు గదా. పొద్దున ఒకటి వేసుకుని, రెండోది ఉంచేవాణ్ణి. తొమ్మిది ఆదివారాలు.”

“రాత్రి ప్రార్థనకు చెమటలు కారుతూ వచ్చేవాడివి, రేకు వేసుకోకేనా?”

“అందుకే.”

“వణుక్కుంటూ బల్ల పట్టుకుని నిలబడితే పరిశుద్ధాత్మ దిగిందనుకున్నాను. పాస్టరు కూడా అనుకున్నాడు. మా అక్క నిన్ను చూసి ఏడ్చింది. ‘మీ ఆయన మారాడే’ అంది.”

“నేనేమీ చెప్పలేదుగా.”

“కాదని కూడా అన్లేదుగా.”

నవ్వు రావాల్సిన మాటే. ఇద్దరికీ రాలేదు. గిన్నెలో పులుసు మీద తెట్టు కట్టింది.

“గనిలో ఎవడూ సీసా అడుగు దాకా నీళ్ళు తాగడు, నోలా. పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలీదు. డబ్బాలో ఒక ముక్క రొట్టె, సీసాలో నాలుగు గుక్కలు. మిగులు లేకుండా ఉంటే కాళ్ళాడవు నాకు. ఈ మందు మాత్రం ఏం నమ్మకం? వాగు పొంగితే? కొట్టువాడు లేదంటే?”

“మిగల్చడం తప్పని నేనన్నానా? నేల కింద గదిలో నా చిక్కుళ్ళు నలభై సీసాలున్నాయి. తొమ్మిది ఉన్నందుకు కాదయ్యా. తొమ్మిది ఉన్నాయని నాకు తెలియనందుకు.” ఆమె గిన్నెలు తీసింది. “తీసేస్తారా నిన్ను?”

“బుధవారం చెప్తారంట.”

“తీసేస్తే మళ్ళీ డబ్బాలు వెతకాలి నేను.” ఆ మాట కోపంగా అనలేదు. రేపు బట్టలుతకాలి అన్నట్టు అంది.

మంగళవారం మధ్యాహ్నం ఆర్లిస్ పట్నంలో మందుల కొట్టుకు పోయాడు. డాక్టరు చీటీ శుక్రవారమే ఫోను మీద కొట్టుకు చేరింది. అది ఆపకముందే తెచ్చేసుకుంటే ఒక నెల గడుస్తుందని అతని ఆలోచన. కొట్టు రాట్లిఫ్ అనే పెద్దాయనది. ఆర్లిస్ తండ్రికి రాట్లిఫ్, రాట్లిఫ్ తండ్రికి ఆర్లిస్ తాత, అలా తెలిసినవాళ్ళు. లోపల చల్లగా ఉంది. లైనులో ఒక్క ఆడపిల్లే ముందుంది. ముప్పై లోపు వయసు, పెట్రోలు బంకు టోపీ. రెండు చొక్కా చేతులూ వేళ్ళ దాకా లాక్కుని ఉంది.

“రాలేదమ్మా కెండ్రా. సోమవారం దాకా రాదు” అంటున్నాడు రాట్లిఫ్, కళ్ళద్దాల మీదుగా.

“మొన్న కూడా సోమవారమన్నావు. నిన్న సోమవారమే గదా పోయింది.”

“వచ్చే సోమవారం.”

“నా వంతు ఇవాళ్టితో అయిపోయింది. పొద్దున సగమే వేసుకున్నా.” ఆ పిల్ల ఆవులించింది. వెంటనే ఇంకోటి. ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంది. ఆర్లిస్ చూపు తిప్పుకున్నాడు. ఆ ఆవులింతలు ఏ నిద్రవో అతనికి తెలుసు. ఇంకో రోజుకు ఎముకల్లో పురుగు తిరుగుతుంది, రెండో రోజుకు కడుపు తిప్పుతుంది, మూడో రోజుకు ఎవడేది చేతిలో పెడితే అదే మింగాలనిపిస్తుంది.

“నేనేం చెయ్యనమ్మా” అన్నాడు రాట్లిఫ్. పిల్ల పక్కకు తప్పుకుంది. ఆయన ఆర్లిస్‌ను చూసి మొహం మార్చాడు. “ఒరే ఆర్లిస్. ఆదివారం మా నాయన రాయి చుట్టూ బాగా చెయ్యి.”

“చేశానయ్యా నిన్ననే. నాదీ వచ్చిందేమో చూడు.”

“నీదీ అదే గదరా. విన్నావుగా. రాలేదు.”

బయటికొచ్చాక కెండ్రా అతని ట్రక్కు పక్కనే నిలబడి ఉంది. ఎండలో కూడా మోచేతులు పట్టుకుని ఉంది.

“నీదీ ఫోను డాక్టరేనా బాబాయ్?”

“ఆఁ.”

“నీ దగ్గరేమన్నా ఉన్నాయా? ఒక్కటి. సగమైనా చాలు. మళ్ళీ ఇచ్చేస్తా, నా మీద ఒట్టు.”

“లేవమ్మా” అన్నాడు ఆర్లిస్.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట, అతనికే ఆశ్చర్యం వేసింది. ట్రక్కు ఎక్కి తాళం తిప్పాడు. అద్దంలో ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఇస్తే నేరం. ఇచ్చానని తెలిస్తే అదే రోజు తీసేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఇంటికి వెళ్ళేదాకా రేడియో పెట్టలేదు.

బుధవారం పొద్దున కట్టలోంచి ఒకటి తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. వేరే లేవు మరి. నోలా ఆ పావుగంటా ఏమీ మాట్లాడలేదు.

రెండింటికి నోలా కూడా కొండెక్కింది. చంకలో తల్లి సమాధికి గుడ్డ పూలు, చేతిలో ఊరగాయ సీసాలో కాఫీ పిప్పి, జేబులో వంటింటి కత్తెర. “నాకు వినపడేట్టు పెట్టు. నువ్వొచ్చి సగం చెప్తావు” అని దిమ్మె మీద పక్కనే కూర్చుంది.

డాక్టర్ సోరెన్సన్ తెర మీదికి వచ్చింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు. ముందు మర్యాదలయ్యాయి. తరవాత, “లెక్క పెట్టండి” అంది.

ఆర్లిస్ పరిచాడు.

“ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదన్నారు. ఇంకోటి ఎవరికిచ్చారు?”

“ఎవరికీ ఇవ్వలేదు డాక్టరమ్మ గారూ. పొద్దున నేనే వేసుకున్నా. నెల సరుకు నిన్ననే అయిపోయింది.”

“చీటీ పంపానుగా.”

“కొట్లో లేదన్నాడండి. సోమవారం దాకా రాదంట.”

డాక్టరు పెన్ను బల్ల మీద రెండుసార్లు కొట్టింది. అందరూ చెప్పే సాకే ఇదీ అన్నట్టుగా ఉంది ఆమె మొహం. “ఒక నిమిషం లైన్లో ఉండండి. నేనే అడుగుతాను.”

తెర మీద ఆమె పక్కకు తిరిగి బల్ల మీది ఫోను నొక్కింది. గంట మోగడం కొండ మీదికి వినపడింది. తరవాత పాట. పాట మళ్ళీ మొదటికి వచ్చింది. డాక్టరు ఏవో కాగితాలు చూసుకుంది. నోలా సీసా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టింది. పది నిమిషాల తరవాత రాట్లిఫ్ గొంతు.

ఆమె తన పేరు చెప్పింది. ఆర్లిస్ పేరు చెప్పింది. సరుకు నిజంగా లేదా అని అడిగింది.

“ఫోను డాక్టరా?” అన్నాడు రాట్లిఫ్. “చూడండమ్మా. మీరు పెద్దవాళ్ళు, మీకు అబద్ధం చెప్పను. మూడు పెట్టెలున్నాయి. నాకు పైవాళ్ళు నెలకింతే అని కొలిచి పంపుతారు. ఎక్కువ అడిగితే తనిఖీ అంటారు. ఆ మూడూ ఎదురుగా ఆసుపత్రిలో చూపించుకునేవాళ్ళకి ఉంచా. పదకొండు మంది. ఫోను మీద వచ్చిన ప్రతి చీటీకీ తీసిచ్చేస్తే నెలాఖరుకు ఆ పదకొండు మందికీ ఏం చెప్పను నేను?”

“ఆర్లిస్ మీకు తెలియదా?”

“పుట్టినప్పట్నుంచీ తెలుసు. వాడు మంచివాడే. చీటీ రాసిన మిమ్మల్నే నాకు తెలీదు.”

నోలా మెడ ఎర్రబడింది. నోరు తెరవబోతే ఆర్లిస్ ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. అతని మొహంలో కోపం రాలేదు. రాట్లిఫ్ అరల వెనక మూడు పెట్టెలూ ఎలా పెట్టుకుని ఉంటాడో, రోజుకెన్నిసార్లు చూసుకుంటుంటాడో కళ్ళకు కట్టినట్టయింది.

డాక్టరు ఫోను పెట్టేసి ఇటు తిరిగింది.

“ఇలా ఎన్నాళ్ళ నుంచి?”

“మాకు ఇట్లాగే ఉంటుందండి ఎప్పుడూ. ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు.”

“మీరు నాకెప్పుడూ చెప్పలేదు.”

“అడగలేదు గదండీ. నా వెనక తోట బాగుందన్నారు.”

“అది శ్మశానమండీ డాక్టరు గారూ” అంది నోలా, ఇక ఆగలేక. “ఫోను ఇక్కడే తగులుతుంది మాకు. మీ జబ్బు మనుషులంతా ఇట్లా ఏ కొండకో గుట్టకో ఎక్కే మాట్లాడుతుంటారు. ఇంట్లో ఉన్నారనుకుంటున్నారేమో.”

డాక్టరు నవ్వలేదు. “కత్తెర పక్కన పెట్టండి ఆర్లిస్ గారూ” అంది. “మూడు రోజుల మందు చేతిలో మిగులు ఉంచుకోవచ్చని మీ కాగితాల్లో రాస్తాను. నేనే ఉంచమన్నానని రాస్తాను. కానీ ఆదివారం రెండూ వేసుకోవాలి. ఒంటిని ఎండబెట్టి దాచుకోవద్దు. లూయివిల్‌కు రానక్కర్లేదు.” తరవాత ఇంకో రెండుచోట్లకు ఫోను చేసింది. కొండకు అటువైపు, అరవై మైళ్ళ దూరంలో ఒక కొట్లో దొరికింది. “రెండే పెట్టెలున్నాయట. అరవై రేకులు. ఎవరికీ తీసిపెట్టరట, ముందొచ్చినవాళ్ళకే ఇస్తారట. మీ చీటీ అక్కడికి పంపుతున్నాను. రేపు పెందలాడే వెళ్ళండి.”

తెర నల్లబడింది. ఆర్లిస్ ఎనిమిదీ కట్ట కట్టి పెట్టెలో వేశాడు. తాళం వేసి, మెడలో దారం తీసి నోలా ముందు పట్టుకున్నాడు.

“నాకెందుకు? నేనేమన్నా జైలరునా?” అంది నోలా. “నీ దగ్గరే ఉంచుకో. ఎన్నున్నాయో మాత్రం నాకు చెప్తుండు.”

“ఎనిమిది. రాత్రికి ఏడు.”

“అదీ.” ఆమె లేచి తల్లి రాయి దగ్గరికి పోయి, నిరుటి పూలు పీకి కొత్తవి గుచ్చసాగింది.

గురువారం ఏడింటికల్లా బయల్దేరారు. గడ్డి పని ఒక రోజు పోతుంది, పోనీ అన్నాడు ఆర్లిస్. “ఆరున్నాయి” అని కూడా అన్నాడు, అడక్కుండానే. కొండ దారి ఎక్కేముందు పెట్రోలు పోయించుకోవాలి. ఆ దారిలో ఉన్న బంకు ఒక్కటే.

గొట్టం ట్రక్కులో పెట్టి, బంకు వాళ్ళే తిండి అమ్మే కొట్టు అద్దాల లోంచి చూశాడు. లోపల కెండ్రా కోడి ముక్కలు వేయిస్తోంది. నూనెలోంచి జల్లెడ ఎత్తింది, రెండు చేతులతో. ముక్కలు పళ్ళెంలో పోసి, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుంది. పొయ్యి ముందు నిలబడి కూడా పొడుగు చేతుల చొక్కా తీయలేదు. ఎవరో ఒక డబ్బా ముక్కలు కావాలన్నట్టున్నారు, కళ్ళు తెరిచి మళ్ళీ మూకుడు దగ్గరికి వెళ్ళింది.

ఆర్లిస్ ట్రక్కు దగ్గరికి వచ్చాడు గానీ ఎక్కలేదు. తలుపు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“ఎవరా పిల్ల, అట్లా చూస్తున్నావు?” అంది నోలా.

“మంగళవారం రాట్లిఫ్ కొట్లో కనపడింది. దానిదీ నా మందే. ఒకటుంటే ఇమ్మంది. లేవన్నాను.”

“ఇస్తే తీసేస్తారుగా.”

“ఇవ్వనని చెప్పొచ్చు. లేవన్నాను.”

నోలా అద్దాల వైపు చూసింది. చాలాసేపు చూసింది. గొట్టం టక్కున ఆగింది.

“అక్కడ రెండే పెట్టెలంది డాక్టరు.”

“తెలుసు.”

“నీవి యాభై ఆరు.”

“తెలుసు.”

“కొట్టు సంగతి ఈ పిల్లకు తెలిస్తే, ఈ పిల్ల ఇంకో ఇద్దరికి చెప్తుంది.”

“చెప్తుంది.”

నోలా ఒళ్ళో సంచి సర్దుకుంది. “సరే. ఏం చేసినా నాకు తెలిసే చెయ్యి” అంది.

ఆర్లిస్ లోపలికి పోయాడు. నూనె పొగ, కాఫీ, తడి నేల వాసన. కెండ్రా అతన్ని గుర్తుపట్టింది. మొహం గట్టిపడింది.

“ఏం కావాలి బాబాయ్? రొమ్ము ముక్కలా, కాళ్ళా?”

“కొండకు అటువైపు ఒక కొట్లో మందుంది. ఇప్పుడు అక్కడికే పోతున్నాం, నేనూ మా ఆవిడా. దారిలో గట్టు మీద ఫోను తగులుతుంది. మీ డాక్టరుకు చెప్పి చీటీ అక్కడికి పంపించుకో.”

ఆ పిల్ల జల్లెడ కొక్కేనికి తగిలించింది. రెండోసారికి గానీ తగల్లేదు.

“మొన్న నీ దగ్గర లేవన్నావు.”

“అబద్ధం చెప్పాను.”

“ఇప్పుడున్నాయా?”

“ఆరున్నాయి. ఇవ్వను. ఇవ్వకూడదు. కొట్టెక్కడుందో చెప్తాను, అంతే.”

ఆమె అతని మొహంలోకి చూసింది, వెటకారమేమన్నా ఉందేమోనని. లేదు. నిద్ర చాలని ముసలి గని మనిషి మొహం, టోపీ అంచుకు నిన్నటి గడ్డి పరక.

“అక్కడెన్ని ఉన్నాయి?”

“అరవై.”

“నీకెన్ని కావాలి?”

“యాభై ఆరు.”

కెండ్రా పెదాలు కదిలాయి. లెక్క తేలగానే ఆగాయి. “మరి నన్నెందుకు పిలుస్తున్నావు?”

ఆర్లిస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. “పంచుకుంటే చెరి పదిహేను రోజులొస్తాయి” అన్నాడు చివరికి. “పదిహేను రోజుల తరవాత ఏమిటో నాకూ తెలీదు. వస్తావా, రావా? ఎండెక్కుతోంది.”

ఆమె వెనక గదిలోకి తల పెట్టి, “నాకు కడుపులో బాలేదు, పోతున్నా” అని కేకేసింది. లోపల్నుంచి ఎవరో తిట్టారు. మూకుడు కింద మంట ఆపి, ముందు కట్టుకున్న గుడ్డ విప్పి కౌంటరు మీద పడేసింది.

బయటికి వచ్చేసరికి నోలా సీటు మధ్యకు జరిగి ఉంది. గేరు కర్ర రెండు మోకాళ్ళ మధ్య పడింది. సంచి కాళ్ళ కిందికి తోసి, అటువైపు తలుపు తెరిచి పట్టుకుంది.

“ఎక్కమ్మా” అంది. “తలుపు గట్టిగా లాగితే గానీ పడదు.”

కెండ్రా ఎక్కి లాగింది. పడలేదు. రెండు చేతులతో మళ్ళీ లాగింది.